కంటి పరీక్షకు కట్టిన రాగం

నా ఉద్యోగం చూడటం. పాశమైలారంలో ఇంజెక్షన్ మందులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా నేను చేసింది అదొక్కటే. మందు నింపి మూత బిగించిన చిన్న గాజు సీసాను చేతిలోకి తీసుకోవాలి. దీపం కింద మెల్లగా తిప్పి, వెనక తెల్ల అట్ట ఉంచి ఒకసారి, నల్ల అట్ట ఉంచి ఒకసారి చూడాలి. లోపల నలుసో, వెంట్రుకో, గాజు పెంకో తేలితే ఎర్ర డబ్బాలో వేయాలి. ఏమీ లేకపోతే ట్రేలో పెట్టి ఇంకో సీసా అందుకోవాలి. "గింతేనా నీ పని?" అని మా ఆడపడుచు ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. అంతే. కాని ఆ సీసాలోని మందు నేరుగా మనిషి నరంలోకి పోతుంది.

రిటైరయ్యాక సంగారెడ్డిలో ఇంటిపట్టున ఉంటున్నాను. మా చర్చి సంఘంలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన ఆడపిల్లలు కొందరు, "ఆంటీ, మీ పనిలో దేవుడు చేసిన మేలు ఒకటి రాసియ్యండి" అని పట్టుబట్టారు. రాయడానికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆ మేలు అర్థం కావాలంటే ముందు నేను చేసిన దొంగపని చెప్పాలి. చదివి నవ్వుకోండి, పరవాలేదు, నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

మా గదిలో పదహారు మంది ఆడవాళ్ళం వరుసగా బూత్‌లలో కూర్చునేవాళ్ళం. నా పక్క బూత్‌లో పటాన్‌చెరు నుంచి వచ్చే ఒక ముస్లిం ఆవిడ ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్దది, ఆపా అని పిలిచేదాన్ని. పని మొదలయ్యాక నోరు మెదపకూడదని రూలు. ఆపా ఆ రూలు మీద కసి కంపెనీ బస్సులో తీర్చుకునేది. పొద్దున బస్సెక్కింది మొదలు దిగేదాకా అత్తగారిని, కోడలిని, సూపర్‌వైజర్‌ను, నన్ను వంతులవారీగా ఉతికి ఆరేసేది.

అరగంటకొకసారి గంట మోగేది. కళ్ళకు అయిదు నిమిషాల విశ్రాంతి. కొందరు నీళ్ళు తాగేవారు, కొందరు కిటికీ దగ్గర నిలబడి దూరంగా చూసేవారు. నేను కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేదాన్ని. పెద్ద పెద్ద మాటలేమీ కాదు. అత్త మోకాళ్ళ నొప్పి, పిల్ల పరీక్షలు, సాయంత్రం బస్సులో సీటు. మా అమ్మ నాకు దేవుణ్ణి అలాగే నేర్పింది, వంటింట్లోంచి పిలిస్తే పలికేంత దగ్గరలో ఉంటాడని.

మా గదిలో అందరికన్నా నాకు మంచి పేరు. గద్ద కన్ను అనేవారు. ఎవరికీ దొరకని సన్నటి నారపోగు నాకు దొరికేది. ఆ పేరు నాకు చాలా ఇష్టం. ఇష్టం అంటే తక్కువ చెప్పినట్టు, అది నా పొగరు.

ఒక వానాకాలం నా బూత్‌లోని దీపం చుట్టూ దూది పరిచినట్టు కనిపించడం మొదలైంది. దీపం పాడైందనుకున్నాను. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మార్పించాను. వారం తిరిగేసరికి మళ్ళీ పిలిచాను. మూడోసారి అతను పైకి చూసి, కిందికి చూసి, "అమ్మా, లైటు కొత్తదే" అని నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయాడు. నాకు అర్థమైంది. తెల్ల అట్ట ముందు వెలుతురంతా చెదిరిపోతోంది. అక్కడ నల్ల నలుసు ఉన్నా కనబడదు.

అప్పుడే చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. అంతకు రెండేళ్ళ ముందు మా గదిలోనే ఒకావిడకు చూపు తగ్గితే బట్టలుతికే విభాగంలో వేశారు. ఆ తరవాత ఆమె బస్సులో వెనక సీట్లో ఒక్కతే కూర్చునేది. ఎవరూ ఏమీ అనలేదు, తనకు తానే చిన్నబుచ్చుకుంది. నాకూ ఆ గతి పడుతుందని భయం, గంట మోగినప్పుడల్లా ప్రార్థనలో కన్నీళ్ళు వచ్చేవి. నిజం చెప్పాలంటే కళ్ళు పోతాయన్న భయం కంటే కుర్చీ పోతుందన్న భయమే ఎక్కువ.

ఏడాదికొకసారి కంటి పరీక్ష ఉండేది. ఫస్ట్ ఎయిడ్ గదిలో గోడకు అక్షరాల చార్టు. ఎన్నో ఏళ్ళ నుంచి అదే చార్టు, అంచులు పసుపుపచ్చగా మారాయి. వరుసలో నా ముందున్నవాళ్ళు గట్టిగా చదువుతుంటే వినీ వినీ పై వరుసలు ఎలాగూ వచ్చు. కింది మూడు వరుసలే చిక్కు. ఏదో వంకతో ఆ గదికి వెళ్ళి, చార్టుకు ముక్కు తగిలించినంత దగ్గరగా నిలబడి కాగితం మీద రాసుకున్నాను. ఊరికే అక్షరాలంటే గుర్తుండవు. నేను చర్చి కాయిర్‌లో చిన్నప్పటి నుంచి పాడుతున్నదాన్ని, రాగం ఉంటే ఏదైనా నా నోట నిలుస్తుంది. అందుకని వాటికి రాగం కట్టాను.

వారం రోజులు అన్నం వండుతూ, గిన్నెలు తోముతూ అదే పాట. మా ఆయన విని, "ఇదేం పాటనే, కొత్తగ వచ్చిందా?" అన్నాడు.

"ఇంగ్లీషు పాట" అన్నాను. అబద్ధం కాదు కదా.

ఇంకో పరీక్ష కూడా ఉండేది. కావాలని నలుసులు వేసి నంబర్లు వేసిన సీసాల పెట్టె ఒకటి ఇచ్చి పట్టుకోమనేవారు. ఆ పెట్టె కూడా పాతదే. మూడోది గాజు, ఏడోది వెంట్రుక, పదకొండోది రబ్బరు. అది ఎప్పటి నుంచో కంఠతా వచ్చు.

పరీక్ష రోజు పొద్దున నేను చేసిన ప్రార్థన రాయడానికి సిగ్గుగానే ఉంది. "ప్రభువా, ఎందరో గుడ్డోళ్ళకు చూపిచ్చినవు. ఇయ్యాల ఒక్కరోజు ఆ డాక్టరుకు జెర చూపు తగ్గించు." అంత ధైర్యంగా ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు.

డాక్టరు చిన్నవాడు. నేను మొదలుపెట్టగానే తలెత్తాడు. "అమ్మా, చదువుతున్నారా, పాడుతున్నారా?"

"చర్చిల చదివీ చదివీ గట్లనే అలవాటైంది సార్" అన్నాను. నవ్వి సంతకం పెట్టాడు.

అంతటితో ఊరుకుంటే ఒక పాపమే. ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చింది. మైకు చేతిలో పడితే నేను ఆగే మనిషిని కాను. "యాభై దాటినా దేవుడు నాకు ముప్పై ఏండ్ల పిల్ల కండ్లు ఇచ్చిండు. మొన్ననే పరీక్ష పాసైన" అన్నాను. చప్పట్లు. హల్లెలూయలు. పాస్టరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆ మరుసటి వారం నుంచి మొదలైంది అసలు శిక్ష. కళ్ళ జబ్బులవాళ్ళందరూ నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. "నీకు కండ్ల కృప ఉన్నదమ్మా, చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యి" అనేవారు. పాస్టరమ్మ ఒక చిన్న సీసాలో నూనె కూడా ఇచ్చింది. నీళ్ళు కారే కళ్ళ తాతయ్య, షుగరుతో చూపు తగ్గిన ఆవిడ, మెల్లకన్ను పాప. ఒకసారి ఒక పెద్దమ్మకు అయిదు నిమిషాలు ఊగిపోతూ ప్రార్థించి ఆమేన్ అన్నాక, "బిడ్డా, నాకు బాగ లేనిది ఆ కన్ను కాదు, ఇటు దిక్కుది" అంది. ఏ కన్ను ఎర్రగా ఉందో నాకు కనబడితేగా.

నాలుగు నెలలు గడిచాయి. నెలకొకసారి శనివారం మా సంఘం ఆడవాళ్ళం ఆస్పత్రికి వెళ్ళి రోగులకు రొట్టె, పండ్లు ఇచ్చి, కోరినవాళ్ళకు ప్రార్థన చేసి వచ్చేవాళ్ళం. ఆ శనివారం బాలింతల వార్డులో చిన్న వయసు బాలింత ఒకతె జ్వరంతో పడుకుని ఉంది. పక్కనే వాళ్ళమ్మ ఒళ్ళో పసిగుడ్డు. అప్పుడే సిస్టర్ సూది వేయడానికి వచ్చింది. ఆమె చేతిలో నీలం మూత సీసా. అలాంటి సీసాలు లక్షసార్లు పట్టుకున్న చేతులు నావి. మేము నింపే మందే అది. మా ఫ్యాక్టరీదో, ఇంకెవరిదో తెలియదు.

"అమ్మా, సూది ఎక్కకముందు ఒక మాట ప్రార్థన చెయ్యుండ్రి" అంది పిల్ల తల్లి.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను. సిస్టర్ మందు తీయబోతూ సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నేను చూశాను. తెల్లటి మసక తప్ప ఏమీ కనబడలేదు. లోపల నలుసు ఉందో లేదో నాకు తెలియలేదు. మంచం మీద ఆ పిల్ల నావైపే చూస్తోంది. నోటికి వచ్చిన మాట ఒక్కటే, "ప్రభువా, క్షమించు." అదే మళ్ళీ మళ్ళీ అన్నాను.

పిల్ల తల్లి కళ్ళు తెరిచి, "మా పిల్ల ఏం పాపం చెయ్యలేదమ్మా" అంది నొచ్చుకుని.

"నీ పిల్ల కోసం కాదు తల్లీ" అని, సిస్టర్‌తో, "జెర మంచిగ చూడుండ్రి సిస్టర్" అన్నాను. ఆమె మళ్ళీ ఎత్తి తిప్పి చూసి, "నీళ్ళలా ఉందమ్మా, భయం లేదు" అంది. ఆ పిల్ల మూడో రోజుకు లేచి ఇంటికి వెళ్ళిందని తరవాత తెలిసింది. కాని ఆ రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు.

సోమవారం పొద్దున్నే క్వాలిటీ సారు గదికి వెళ్ళాను. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబంవాడు. గట్టి మనిషి, మాట మాత్రం మెత్తగా ఉంటుంది.

"సార్, నాకు కండ్లు కనబడ్తలేవు."

"ఎప్పటి నుంచమ్మా?"

"వానకాలం నుంచి."

"అదేంటండీ, మొన్నే కదా కంటి పరీక్ష పాసయ్యారు!"

"పాట పాడిన సార్."

ఆయన నా జబ్బు కళ్ళతో ఆగలేదు, తలకెక్కిందనుకున్నట్టున్నాడు, కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి ఆయన బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి ఆ చార్టు మొత్తం పాడాను. అద్దాల గది అవతల ఇద్దరు కుర్ర ఉద్యోగులు పని ఆపి చూస్తున్నారు. పాట అయ్యాక సారు తల పట్టుకున్నాడు. తరవాత ఫోనెత్తి గోడౌన్‌కు చేశాడు. నా నంబరున్న ట్రేలన్నీ ఎక్కడివక్కడ ఆపమన్నాడు. బయటికి వెళ్ళిపోయిన వాటి కోసం, ప్రతి బ్యాచ్ నుంచి తీసి దాచి ఉంచే సీసాలను కూడా బయటికి తీయమన్నాడు.

"సార్, నా ఉద్యోగం?"

"ముందు సీసాల సంగతి తేలనివ్వండమ్మా. ఇంటికెళ్ళి కళ్ళు చూపించుకోండి."

కళ్ళలో శుక్లాలు. మనవాళ్ళు మోతిబిందు అనేది అదే. ఒక కంటికి మరునాడే ఆపరేషన్ చేశారు. ఇరవై నిమిషాల పని. దాన్ని తప్పించుకోవడానికి నేను వారం రోజులు సంగీతం నేర్చుకున్నాను. కట్టు విప్పాక మొదట చూసింది మా ఆయన్ని. "గింత తెల్లగైందా నీ మీసం?" అన్నాను. పాపం, ఆయన అద్దం వెతుక్కుంటూ వెళ్ళాడు.

అక్కడ ఫ్యాక్టరీలో నా తోటి పదిహేను మంది నా ట్రేలు ముందేసుకుని ఒక్కొక్క సీసా మళ్ళీ చూస్తున్నారు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ మంచం మీద పడుకుని ఒకటే అడిగాను, ఎవరికీ కీడు జరగకూడదని. నా కుర్చీ పోయినా పరవాలేదు అని చేర్చడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. దేవుడికి అన్నీ తెలుసు కాబట్టి అది కూడా రాస్తున్నాను.

ఐదో రోజు సారే ఫోన్ చేశాడు. "అమ్మా, మీ ట్రేలలో దొరికినవి మిగతావాళ్ళ వాటిలో దొరికేటన్నే. దాచిన సీసాలూ శుభ్రంగా ఉన్నాయి. నాకు అర్థం కావట్లేదు, ఆ కళ్ళతో ఎలా చూశారండీ?"

నేను బావురుమన్నాను. "నేను చూడలే సార్, దేవుడు చూసిండు" అన్నాను.

మాట సంఘానికి పాకింది. పాస్టరయ్య ఇంటికే వచ్చాడు. "పొర కమ్మిన కండ్లతోని నలుసులు ఏరిచ్చిండమ్మా ప్రభువు! ఇది ఊరికే పోవద్దు. ఆదివారం సాక్ష్యం చెప్పాలె" అన్నాడు. నేను సిద్ధమైపోయాను. చీర కూడా తీసి పెట్టుకున్నాను. మనిషి బుద్ధి అంత తొందరగా మారదు.

శనివారం ఆపా నన్ను చూడటానికి డబ్బా నిండా దాల్చా వండి పట్టుకుని వచ్చింది. నా కంటి మీద నల్ల అద్దాలు చూసి, "ఏందమ్మా, హీరోయిన్ లెక్క తయారైనవ్" అని కూర్చుంది. నేను మొదలుపెట్టాను. పొర, నలుసులు, అద్భుతం, దేవుడు ఒక్కొక్క సీసా తన చేత్తో తిప్పి చూడటం, అంతా చేతులు తిప్పుతూ చెప్పాను. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వుతోంది.

"ఏంది ఆపా?"

"ఏం లేదు గని, నీ ట్రేలన్ని మీ దేవుడే తిప్పి చూసిండంటవా?"

"మరి కాదా?"

"మరి మెడ నొప్పి నాకెందుకొచ్చింది?"

నాకు వెంటనే తట్టలేదు. ఆపా నవ్వు ఆపుకుని మెల్లగా చెప్పింది. వానాకాలంలో ఒకరోజు నా ట్రేలో ఇంత పొడుగు వెంట్రుక ఉన్న సీసా చూసిందట. గద్ద కన్ను దాన్ని వదలడమేమిటని మర్నాడు గమనించింది. మళ్ళీ ఒకటి. అప్పటి నుంచి గంట మోగిన అయిదు నిమిషాలూ, నేను కళ్ళు మూసుకుని ఉండగా నా ట్రే తన వైపు లాక్కునేది. అన్నం పది నిమిషాల్లో తిని ముందే వచ్చేసేది.

"నల్లట్ట ముందు నువ్వు మంచిగనే చూస్తుంటివి. తెల్లట్ట కాడనే నీకు తెల్వకుంటుండె. నేను గదొక్కటే చూస్తుంటి, సగం పనే కదా. ఖాళీగ కూసుంటే నాకేమొస్తది?"

"మరి నీ కండ్లకు విశ్రాంతి?"

"ఇంటికాడ మా అత్త మొకం చూడకుండ కండ్లు మూస్కుంటలేనా?" అంది.

దాచుకోకుండా చెప్తాను, ముందు నాకు కలిగింది నిరాశ. నా అద్భుతం పోయింది. ఆ తరవాత సిగ్గు వచ్చింది. ఆ తరవాత వచ్చినదానికి పేరు తెలియదు, ఆపా చేతులు పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. నేను అడిగింది డాక్టరు కళ్ళు మూయమని. ఆ మాట దేవుడు పట్టించుకున్నాడో లేదో తెలియదు. నేను అడగనిది, అడగాలని కూడా తట్టనిది, నాలుగు నెలలు రోజూ ఇస్తూనే ఉన్నాడు. అబద్ధమాడుతున్న మనిషి మీద కూడా అంత జాలి పడేవాణ్ణి నేను అంతవరకు ఎరగను.

"నీ సంగతి రేపు చర్చిల చెప్పనా? ఫ్యాక్టరీల తెలిస్తే నీకు కష్టమైతదేమో."

"చెప్పు. ఫ్యాక్టరీల సారుకు నేనే చెప్పుకుంట."

సోమవారం ఆమె అన్నట్టే వెళ్ళి చెప్పింది. సారు ఆమెను గంటసేపు, తరవాత నన్ను పిలిచి ఇంకో గంటసేపు చీవాట్లు పెట్టాడు. ఆరు నెలలు నన్ను కొత్త పిల్లలకు పని నేర్పడానికి వేశాడు. విశ్రాంతి సమయంలో బూత్‌ల దీపాలన్నీ వాటంతట అవే ఆరిపోయేలా చేయించాడు. చార్టు, సీసాల పెట్టె రెండూ మార్చారు. రెండో కంటి ఆపరేషన్ కూడా అయ్యాక కొత్త చార్టును రాగం లేకుండా చదివి నా కుర్చీలోకి నేను వెళ్ళాను.

ఇక ఆదివారం సంగతి. ఆపా కూడా వచ్చి చివరి వరుసలో కూర్చుంది. నేను మైకు తీసుకుని మొదటి నుంచి చెప్పాను, పాటతో సహా. జనం నవ్వాలో వద్దో తెలియక పాస్టరయ్య మొహం చూశారు. ఆయన మొదట దగ్గాడు, తరవాత తలొంచుకున్నాడు, తరవాత ఆపుకోలేక నవ్వేశాడు. "మన చెల్లెమ్మతోని కండ్లకు నూనె రాయించుకున్నోళ్ళు చేతులెత్తుండ్రి" అన్నాడు. తొమ్మిది చేతులు లేచాయి. ఆ వారమే రెండు ఆటోలలో అందరినీ కంటి ఆస్పత్రికి తీసుకుపోయాం. ఆ పెద్దమ్మకు ఇటు దిక్కు కన్ను ఇప్పుడు బాగుంది.

ఆరాధన అయ్యాక ఆపాను బస్సెక్కించడానికి బస్టాండుకు వెళ్ళాను. పటాన్‌చెరు బస్సు ఇంకా రాలేదు. పొద్దుటి నుంచి అడగాలనుకుంటున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"అన్ని నెలలు నాకొక్క మాట చెప్పొద్దా ఆపా? అప్పుడే చెప్తే దవాఖానకు పోదును కదా."

ఆపా నా వైపు చూసింది. నవ్వలేదు.

"చెప్దామనే లేస్తుంటి, ప్రతిసారి. నువ్వేమో కండ్లు మూస్కొని, చెంపలంత తడుపుకొని ఆయన్తోని మాట్లాడుతుంటివి. నువ్వు అడుగుతున్నవ్, ఆయన వింటున్నడు, మధ్యల నేనెందుకులే అని సీస చేతులకు తీస్కుంటుంటి."